సామాన్ల అరల మీది గది

విమానంలో మేడ మీద గది ఒకటి ఉంటుందని చెబితే మా ఇంట్లో మొదట ఎవరూ నమ్మలేదు. మామూలు విమానాల్లో ఉండదు. ఒక ఖండం నుంచి ఇంకో ఖండానికి, మధ్యలో ఎక్కడా దిగకుండా పోయే చాలా పెద్ద విమానాల్లోనే ఉంటుంది. అందులో పనిచేసే అమ్మాయిలూ అబ్బాయిలూ అంతసేపు నిలబడి ఉండలేరు. వంతులవారీగా పడుకోవడానికి వాళ్ల కోసం వెనకభాగంలో, ప్రయాణికుల తలల పైన, సామాన్లు పెట్టుకునే అరల మీద, కిటికీలు లేని చిన్న గది కడతారు. సన్నటి మెట్లెక్కి పోవాలి. లోపల రైలు బెర్తుల్లాంటి పడకలుంటాయి. ఒక్కో పడకకు ఒక తెర, ఒక చిన్న దీపం, గాలి వచ్చే రంధ్రం, కుదుపులకు దొర్లిపోకుండా బెల్టు. ఆ గదిని గీయడం నా ఉద్యోగం.

మా ఆఫీసు బెంగళూరులో, ఇల్లు హిందూపురంలో. మా ఆయన ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పొద్దున ఆయన కంపెనీ బస్సెక్కి ఒక దిక్కుకు పోతే నేను రైలెక్కి ఇంకో దిక్కుకు పోతాను. కొన్నాళ్లు ఇంట్లోంచే పని. విమానం తయారుచేసే కంపెనీ వేరే దేశంలో ఉంది. వాళ్లు పనిని ముక్కలు చేసి మాలాంటి ఆఫీసులకు పంచుతారు. రెక్కల్లో కొంత ఒకరికి, తోకలో కొంత ఇంకొకరికి. మాకు వచ్చిన ముక్క ఈ గది. ధర్మవరంలో ఉండే మా అక్క, ఇంత చదువు చదివి మంచాలు చేస్తున్నానని నవ్వేది. నాకు కోపం వచ్చేది కాదు. నిజానికి ఆ పని మీద నాకు చాలా ఇష్టం ఉండేది. రెక్కలు గీసేవాళ్లు గాలి గురించి ఆలోచిస్తారు, నేను మనుషుల గురించి ఆలోచిస్తున్నాను అనుకునేదాన్ని.

పెద్ద విమానం లోపలి పని అంటే జాగా కోసం కొట్లాట. బయటినుంచి చూస్తే అంత పెద్దది, లోపల మాత్రం ప్రతి వేలెడు చోటుకీ ఇద్దరు ముగ్గురు కాచుకొని ఉంటారు. గాలి గొట్టాలవాళ్లు, వైర్లవాళ్లు, సీట్లవాళ్లు, మేము. ఒకసారి అవతలి దేశం నుంచి మా మీటింగులోకి వచ్చిన పెద్దాయన, ప్రయాణికుల సామాన్ల అరలు చిన్నవిగా ఉన్నాయని విమానం కొనేవాళ్లు అంటున్నారని చెప్పాడు. అరలు పెద్దవి కావాలంటే వాటి పైనున్న మా గది నేల కొంచెం పైకి జరగాలి. గది పైకప్పు జరగదు, అది విమానం వీపు. అంటే పడకల మీద ఎత్తు తగ్గాలి. మా జట్టులో అందరూ కుదరదన్నారు. నేను కూర్చుని, పరుపు పలచన చేసి, గాలి గొట్టాన్ని పక్కకు తిప్పి, నాలుగు వేళ్ల ఎత్తు తీసేయవచ్చని చూపించాను. నిబంధనల ప్రకారం ఉండాల్సిన కొలత కన్నా తక్కువ కాలేదు. ఆ రోజు అందరూ నన్ను మెచ్చుకున్నారు. రైలు దిగి ఇంటికి నడుస్తుంటే కాళ్లు నేల మీద ఆనలేదు.

తీసేసే ముందు ఆ ఎత్తు ఎలా ఉంటుందో చూసుకోకపోలేదు. హిందూపురం ఇంట్లో భోజనాల బల్ల కింద పరుపు వేసి, ఎత్తు సరిపోయేదాకా దాని కింద దుప్పట్లు మడిచి పెట్టాను. అప్పుడు వేసవి సెలవులు. మా అక్క కూతురు మా ఇంట్లోనే ఉంది. స్కూల్లో చదివే పిల్ల, మా వంశంలో అందరికన్నా పొడుగు. నేను పొట్టిదాన్ని కాబట్టి నాకు తెలియదని తనను పడుకోమన్నాను. పడుకుని ఏదో పుస్తకం చదువుకుంటూ అలాగే నిద్రపోయింది. ఫ్యాను తిరుగుతోంది, నాలుగు పక్కలా వెలుతురు, ఎప్పుడు కావాలంటే అప్పుడు దొర్లుకుంటూ బయటికి రావచ్చు. ఆ నిద్ర చూసి నా లెక్క సరిపోయిందనుకున్నాను.

ఆ విమానం ఎగరడానికి చాలా ఏళ్లు పట్టింది. ఈలోగా ఆ పిల్ల డిగ్రీ ముగించి, విమానంలో పనికి పోతానంది. మా అక్కాబావలకు ఇష్టం లేదు. బావ ధర్మవరంలో పట్టుచీరలు నేయించి అమ్ముతాడు. ఇంటి వ్యాపారం ఉండగా ముక్కూ మొహం తెలియనివాళ్లకు కాఫీలు అందించే పనేంటని ఆయన బాధ. నేను రెండుమూడు సార్లు ధర్మవరం పోయి వాళ్లతో వాదించాను. అది గౌరవమైన పని అనీ, కష్టమే గానీ వాళ్ల విశ్రాంతి గురించి కూడా ఆలోచించేవాళ్లుంటారనీ, ఆ ఆలోచించేదాన్ని నేనేననీ చెప్పాను. చివరికి అక్క ఒప్పుకుంది.

"నువ్వు చెప్తాండావని పంపిస్తాండా. రేపు దానికి ఏమన్నా అయితే నిన్నే అడుగుతా" అంది.

అడుగు అన్నాను, ధైర్యంగా.

ఉద్యోగం వచ్చింది. మొదట దగ్గరి ఊళ్లకు, తర్వాత దూర దేశాలకు. మా గది ఉన్న ఆ పెద్ద విమానంలోనే తనకు డ్యూటీ పడిందని తెలిసిన రోజు నేను ఆఫీసులో మిఠాయి పంచాను. నాలుగు రోజులకు ఫోన్లో ఒక ఫోటో వచ్చింది. పడకలో వెల్లకిలా పడుకుని, తెర సగం వేసుకుని, నవ్వుతూ తీసుకున్న ఫోటో. కింద, చిన్నమ్మా నీ రూములో ఉన్నాను అని రాసింది. ఆ తర్వాత ఏ దేశం పోయొచ్చినా నేను ఫోన్ చేసి మొదట అడిగేది ఒకటే, నిద్ర బాగా పట్టిందా అని. బాగా పట్టిందనేది. అప్పుడప్పుడూ ఇంకో ఫోటో పంపేది. వాటిని నేను జట్టులో అందరికీ చూపించేదాన్ని.

కొంతకాలానికి అదే విమానాన్ని ఇంకా పొడుగు చేసి, ఇంకా దూరం ఎగిరేలా మార్చే పని మొదలైంది. ప్రయాణికులు ఎక్కువైతే పనివాళ్లూ ఎక్కువ కావాలి, వాళ్లకు పడకలూ ఎక్కువ కావాలి. గది మాత్రం పెరగదు. పడకలు ఇంకొంచెం ఇరుకు చేసి ఒక వరస అదనంగా పెట్టగలమా అని అడిగారు. మీటింగులో ఒకతను, ఇప్పుడున్నదే ఇరుకుగా ఉందేమో, వాడేవాళ్లను అడిగామా అన్నాడు. నేను వెంటనే, మా ఇంటి అమ్మాయే అందులో పనిచేస్తోంది, హాయిగా నిద్రపడుతోందని ప్రతిసారీ చెబుతోంది అన్నాను. అంతే. ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోయింది. కొత్త కొలతలకు ఒప్పుకున్నాం.

మా అక్క కూతురితో పనిచేసే ఒకమ్మాయి పెళ్లి కుదిరి, చీరలు తీసుకోవడానికి ధర్మవరం వచ్చింది. మడకశిర వైపు అమ్మాయి. మా పిల్ల కూడా సెలవు పెట్టుకుని తోడొచ్చింది. నన్నూ రమ్మంటే ఆదివారం పొద్దున రైలెక్కి పోయాను. బావ ముందు గదిలో తెల్లటి దుప్పటి పరిచి చీరలు ఒకటొకటిగా విప్పి వేస్తున్నాడు. అక్క ఉగ్గాని, బజ్జీలు పెట్టింది. మా పిల్ల గోడకు ఆనుకుని కూర్చుని, ఒక చీర కొంగు చేతిలో పట్టుకుని రంగు చూస్తూ చూస్తూ, అలాగే నిద్రపోయింది. తల ఒక పక్కకు వాలిపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది. పగలు అంతమంది మధ్యలో అలా నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు. బావ ఇంకో రకం చీరలు తేవడానికి లోపలికి పోయాడు. తట్టి లేపి లోపల పడుకోమందామని నేను చెయ్యి చాపాను.

"లేపొద్దు ఆంటీ, పండుకోనీ" అందా అమ్మాయి. నా వైపు కాసేపు చూసి, "రూము చేసిన చిన్నమ్మ మీరే కదా" అని అడిగింది.

అవునన్నాను. అప్పుడు నేను నవ్విన గలీజు నవ్వు ఇప్పటికీ గుర్తుంది. పొగడ్త వస్తుందని కాచుకున్న నవ్వు.

"ఆమె పైన పండుకోదు ఆంటీ. మీకు తెలీదా?" అంది.

కోపంగా చెప్పలేదు. చీర అంచు మీద చేత్తో రాస్తూ, తలెత్తకుండా, మెల్లగా చెప్పింది. చాలా నెలల కిందట ఒక పెద్ద ప్రయాణంలో మా పిల్ల పైన నిద్రలో ఉండగా విమానం బాగా కుదిపిందట. ఉలిక్కిపడి లేచి కూర్చోబోయింది. నుదురు కప్పుకు కొట్టుకుంది. దెబ్బ పెద్దది కాదు. కానీ చీకట్లో, నడుముకు బెల్టుతో, ఎక్కడుందో తెలియక, లేవడానికి కుదరక, ఊపిరి అందనట్టయి అరిచిందట. పక్క పడకలోని ఈ అమ్మాయే తెర తీసి చెయ్యి పట్టుకుని కిందికి దింపింది. అప్పటినుంచి తన వంతు వచ్చినప్పుడు పైకి పోదు. వంటగది పక్కన గోడకుండే మడత సీటు మీద కూర్చుంటుంది. అక్కడ నిద్ర రాదు, వెలుతురు, చప్పుడు. దిగిన ఊళ్లో పడుకుంటుంది, లేకపోతే ఇదిగో, ఇలా.

ఫోటోలు పంపుతుందే అన్నాను.

"ఫోటో తీసుకునేకి ఎక్కుతాది. తీసుకొని దిగొస్తాది."

ఇంకా చెప్పింది. పొడుగ్గా ఉండేవాళ్లు చాలామందికి ఆ పడకలు కష్టంగానే ఉన్నాయట. అందరూ కలిసి పైవాళ్లకు రాసిద్దామనుకున్నారు. మా పిల్ల బతిమాలి ఆపిందట. మా చిన్నమ్మ చేసిన రూము, ఆమెకు మాటొస్తుంది అని.

ఆ తర్వాత బావ చూపించిన చీరలేవీ నాకు కనబడలేదు. అక్క ఒక ముదురు ఆకుపచ్చ చీర నా భుజం మీద వేసి ఎలా ఉందని అడిగితే బాగుందన్నాను. పెళ్లికూతురికి కదా చూడాల్సింది, నీ మీద వేస్తే బాగుందంటావేంటని అక్క నవ్వింది.

మధ్యాహ్నం రైలుకు నేనూ మా పిల్లా కలిసి బయలుదేరాం. తను మరుసటి రోజు బెంగళూరులో డ్యూటీకి పోవాలి. హిందూపురంలో మా ఇంట్లో ఆగుతానంది. రైలు ఖాళీగా ఉంది. ఎదురెదురుగా కిటికీల దగ్గర కూర్చున్నాం. తను చెవుల్లో పాటలు పెట్టుకోబోతుంటే వద్దని చెయ్యి పట్టుకున్నాను. నుదుటి మీద వెంట్రుకలు పక్కకు తీసి చూశాను. వెంట్రుకల మొదట్లో సన్నటి గీత ఉంది. బీరువా తలుపు తగిలిందని ఇంట్లో చెప్పిన గీత. తనకు అర్థమైపోయింది.

"అది చెప్పేసిందా?" అంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పల్ల చిన్నమ్మా? ఫోన్ ఎత్తుతూనే నువ్వు అదే అడుగుతాంటివి, నిద్ర పట్టిందా, నిద్ర పట్టిందా అని. అంత సంబరంగా అడుగుతాంటే బాగలేదని చెప్పేకి నోరు రాలే."

రైలు పెనుకొండలో ఆగింది. ఎవరో ముసలామె వేరుశనక్కాయల బుట్టతో ఎక్కి, మా వైపు చూసి, అడక్కుండానే ముందుకు పోయింది. మా మొహాలు అలా ఉండి ఉంటాయి. రైలు కదిలాక, మీటింగులో తన మాట వాడుకున్నాననీ, తనకు హాయిగా ఉందని చెప్పి ఆ గదిని ఇంకా ఇరుకు చేయడానికి ఒప్పుకున్నాననీ చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఇంకా తగ్గిస్తారా?" అని మాత్రం అడిగింది.

ఆ గొంతులో నా మీద కోపం లేదు. తనతో పనిచేసేవాళ్లు, తన తర్వాత వచ్చేవాళ్లు గుర్తొచ్చి అడిగింది. నేను గీసేటప్పుడు నాకు గుర్తురానివాళ్లంతా ఆ ఒక్క మాటలో తనకు గుర్తొచ్చారు.

వాళ్లు రాయాలనుకున్నది రాసి పంపమన్నాను. నీకు మాటొస్తే ఎట్ల అంది. ఆ విమానంలో ఎక్కడా నా పేరుండదు, వచ్చినా రానీ అన్నాను. అమ్మకు మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. చెప్పనన్నాను.

సాయంత్రం మా ఆయన ఆదివారం షిఫ్టు ముగించుకుని వచ్చాక జరిగిందంతా చెప్పాను. ఆయన చొక్కా కూడా మార్చుకోకుండా విన్నాడు. నేను కావాలని చేసింది కాదనో, నిబంధన ప్రకారమే కదా అనో అంటాడనుకున్నాను. ఆయన ఫ్యాక్టరీ మనిషి.

"మా తావ తప్పొస్తే లైను ఆపేస్తారు. ఎవురైనా ఆపొచ్చు. మీ తావ ఎవురు ఆపల్ల?" అన్నాడు.

ఆ వారం మీటింగులో, లోగడ నేను చెప్పిన మాట తప్పని చెప్పాను. మా అమ్మాయి అక్కడ పడుకోవడం లేదని, నా మొహం చూసి బాగుందని చెప్పిందని చెప్పాను. అవతలి దేశంలోని పెద్దాయన మర్యాదస్తుడు. కసరలేదు. కొలతలు ఖాయమైపోయాయనీ, ఇప్పుడు మారిస్తే గాలి గొట్టాల నుంచి సామాన్ల అరల దాకా అన్నీ కదులుతాయనీ, ఒక్క మనిషి భయపడిందని విమానం మార్చలేమనీ అన్నాడు. ఆయన చోట నేనున్నా అదే అనేదాన్ని. ఒక్క మనిషి మాట మీద దాన్ని ఇరుకు చేయడానికి మాత్రం ఎలా ఒప్పుకున్నామని అడగాలనిపించింది. ఆ మాట తెచ్చింది నేనే కాబట్టి అడగలేకపోయాను.

మా ఆఫీసులో చెక్కతో కట్టిన నమూనా గది ఉంది. అంతకుముందు అందులో నేను పడుకున్నది ఫోటో తీసేంతసేపు. ఈసారి మా జట్టులో పొడుగాటి కుర్రాడు ఒకతనూ నేనూ, విమానంలో వాళ్లకిచ్చే విశ్రాంతి ఎంతసేపో అంతసేపూ పడుకుంటామని చెప్పి, తెరలు వేసుకుని దీపాలార్పించుకున్నాం. మొదట బాగానే ఉంది. తర్వాత మోచెయ్యి పెట్టుకునే చోటు లేదు. పక్కకు తిరగాలంటే భుజం కప్పుకు రాసుకుంటోంది. నా ఊపిరి నా మొహానికే తిరిగి తగులుతోంది. నేల మీదున్న చెక్క డబ్బా అది, కింద సముద్రం లేదు, కుదుపు లేదు, తలుపు తీస్తే మా క్యాంటీను. అయినా గడువు దాకా ఉండలేక తెర లాగేసి దిగాను. అతను నాకన్నా ముందే బయటికొచ్చి కూర్చుని ఉన్నాడు. మేడమ్, ఇది మనమే గీశామా అన్నాడు. హేళన కాదు, నిజంగానే అడిగాడు.

మా ఇద్దరి అనుభవం, ఈలోగా ఆ అమ్మాయిలు రాసి పంపింది, రెండూ కలిసి ఏదో కొంత పనిచేశాయి. అదనపు వరస ఆలోచన మానుకున్నారు. కొత్త విమానంలో గది నేల కిందికి దిగి తల వైపు ఎత్తు మళ్లీ పెరిగింది, ఒకప్పుడు నేను తీసేసిన దానికన్నా కొంచెం ఎక్కువే. చివరి వైపు రెండు పడకల దగ్గర మాత్రం గొట్టాలు అడ్డమొచ్చి కుదరలేదు. ఆ రెండింటి కోసం నేను ఎంత కొట్టుకున్నా లాభం లేకపోయింది. గది కిందున్న సామాన్ల అరలు చిన్నవయ్యాయి. పని వెనకబడింది. మా జట్టులో ఒకామె తన బిడ్డ మొదటి పుట్టినరోజుకు ఊరికి పోలేకపోయింది. ఆమె నన్నేమీ అనలేదు. ఒకప్పుడు నన్ను మెచ్చుకున్న రోజు చప్పట్లు కొట్టినవాళ్లలో ఆమె లేదు కూడా, తర్వాత చేరింది.

ఇప్పటికే ఎగురుతున్న విమానాలను ఎవరూ మార్చరు. విప్పి మళ్లీ కట్టడం కుదిరే పని కాదు. అవి ఇంకా చాలా ఏళ్లు ఎగురుతాయి. నేను హిందూపురంలో కూరగాయలు తెచ్చుకుంటున్నప్పుడూ, రైల్లో కునుకు తీస్తున్నప్పుడూ, ఎక్కడో ఏదో సముద్రం మీద ఎవరో ఒకమ్మాయి నేను నాలుగు వేళ్లు తగ్గించిన ఆ ఎత్తులో పక్కకు తిరగలేక పడుకుని ఉంటుంది. ఈ ఆలోచన వచ్చినప్పుడు నేను చేస్తున్న పని ఆపేస్తాను. ఆపి ఏం చేయాలో తెలియక మళ్లీ మొదలుపెడతాను.

మా పిల్ల దూర ప్రయాణాలు వద్దని రాసిచ్చి, దగ్గరి ఊళ్లకు తిరిగే చిన్న విమానాలకు మారింది. తనకు దూర దేశాలంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు. ఒక ఊళ్లో వాన, ఇంకో ఊళ్లో మంచు చూశానని చిన్నపిల్లలా చెప్పేది. ఇప్పుడు అడిగితే, రోజూ ఇంటి తిండి తింటున్నాను కదా అంటుంది. మా అక్కకు మాత్రం సంతోషం. నేనే చెప్పి కూతుర్ని దగ్గరికి రప్పించానని ఆమె నమ్మకం. పోయిన నెల ధర్మవరం నుంచి నాకు చీర పంపింది. అప్పుడు నా భుజం మీద వేసిన ముదురాకుపచ్చ రంగే. ఒట్టు వేశాను కాబట్టి నిజం చెప్పలేను, చీర వద్దనీ అనలేను. తీసుకున్నాను. ఇంకా కట్టలేదు.

కొత్త పడకలు తయారయ్యాక, విమానాల్లో పనిచేసేవాళ్లను కొందరిని పిలిచి నమూనాలో పడుకోబెట్టి చూద్దామన్న నా మాటకు పైవాళ్లు ఒప్పుకున్నారు. వచ్చినవాళ్లలో మా పిల్ల కూడా ఉంది. తనంతట తనే పేరిచ్చుకుంది. భయం వేస్తే వద్దన్నాను. చూస్తానంది. మెట్లెక్కి, చెప్పులు విప్పి, పడుకుని, తెర లాక్కుంది. నేను కింద నిలబడ్డాను. చాలాసేపటికి తెర తీసి, జుట్టు సరిచేసుకుంటూ దిగి వచ్చింది.

"బాగుంది చిన్నమ్మా" అంది.

ఆ మొహంలోకి ఎంత చూసినా నాకు తెలియలేదు. బల్ల కింద పుస్తకం చదువుతూ నిద్రపోయిన ఆనాటి పిల్ల చెప్పేది అబద్ధమో నిజమో కనుక్కోగలిగేదాన్ని. ఇప్పుడు కనుక్కోలేను. నా సంతోషం కోసం ఒకసారి అంతకాలం దాచిన మనిషి మళ్లీ దాచదని ఎలా అనుకోను? వచ్చినవాళ్లను నేను అడగను, నాతో చుట్టరికం లేనివాళ్లెవరైనా అడగండి, జవాబుల మీద పేర్లు రాయొద్దు అని మా జట్టువాళ్లకు చెప్పి బయటికి వచ్చేశాను. క్యాంటీన్లో టీ తీసుకుని తాగకుండా కూర్చున్నాను.

సాయంత్రం జవాబులు నా బల్ల మీదకు వచ్చాయి. చాలామంది బాగుందన్నారు. ఒకరిద్దరు భుజాల దగ్గర ఇంకా ఇరుకే అన్నారు. మా పిల్ల జవాబు అందులో ఏదో నేను ఎవరినీ అడగలేదు. ఇరుకన్న చోట ఏం చేయగలమా అని మర్నాటి నుంచి మళ్లీ గీయడం మొదలుపెట్టాం.